మూడో చుక్క

నలభై రెండు మంది పిల్లలకు నలభై రెండు గీతలు గీశాడు మద్దిలేటి. ఒక్క చుక్క కూడా గీత బయట పడలేదు. బడిలో అందరూ మెచ్చుకున్నారు. ఇక మెచ్చుకోవలసింది పీరా సారొక్కడే.

మద్దిలేటి కర్నూలు పడమటి వైపు ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో లెక్కల టీచరు. ముప్పై రెండేళ్ళవాడు. తండ్రి నాపరాళ్ళ గనిలో రాళ్ళు మోశాడు. తనూ ఆ రాళ్ళ కిందే పోవలసినవాడు, లెక్కలు పట్టుకుని బయటపడ్డాడు. ఆ లెక్కలు చెప్పింది హుసేన్ పీరా సారు.

పీరా సారు ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక, ఊరి చివర చిన్న దర్గా పక్కన ఒంటి గదిలో ఉంటున్నాడు. పొద్దున్నే దర్గా వాకిలి ఊడుస్తాడు. ఆ తర్వాత పరీక్ష తప్పిన పిల్లలెవరైనా వస్తే నేల మీద సుద్దముక్కతో లెక్కలు చెబుతాడు. తావీజు కట్టమని ఎవరైనా వస్తే, "నేను ఊడ్చేవాణ్ణి అమ్మా, కట్టేవాణ్ణి కాదు" అంటాడు. అయినా ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన మాటంటే మాటే.

ఫిబ్రవరి చివర ఒక ఆదివారం పొద్దున, మద్దిలేటి గ్రాఫు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. దర్గా ముందు నాపరాళ్ళ మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. పీరా సారు చీపురు గోడకానించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, ఇంత పొద్దున్నే?"

"గురువారం కర్నూల్లో జిల్లా ట్రైనింగు ఉంది సార్. నా పద్ధతి గురించి అందరు లెక్కల టీచర్లకూ చెప్పమన్నారు. మీకు చూపించకుండా పోబుద్ధి కాలేదు."

"ఏం పద్ధతి?"

మద్దిలేటి పుస్తకం తెరిచాడు. పేజీకొక పిల్ల. పైన పేరు, కింద రెండు అక్షాలు, నీలం పెన్నుతో గీసిన ఒక గీత. సన్నగా, నీటుగా, ఎక్కడా వణుకు లేకుండా గీశాడు.

"అడ్డంగా ఉన్నది ఎక్స్ సార్, పరీక్ష నంబరు. నిలువుగా ఉన్నది వై, మార్కులు. సెప్టెంబరు పరీక్ష ఒకటి, నవంబరు పరీక్ష రెండు. ఆ రెండు మార్కులూ చుక్కలు పెట్టి గీత కలిపితే, సమీకరణం వస్తుంది. జనవరిలో ప్రీఫైనల్ మూడు, మార్చిలో పబ్లిక్ నాలుగు. ఎక్స్ దగ్గర నాలుగు వేస్తే, పబ్లిక్‌లో ఎంత వస్తుందో నవంబరులోనే తెలిసిపోతుంది."

"నవంబరులోనే."

"అవును సార్. రాత్రింబగళ్ళు కూర్చుని చేశాను. నలభై రెండు గీతల్లో ఒక్క చుక్క కూడా గీత తప్పలేదు."

పీరా సారు కళ్ళజోడు సవరించుకుని పేజీలు తిప్పాడు. కొన్ని గీతలు పైకి ఎక్కుతున్నాయి. కొన్ని పడుకుని ఉన్నాయి. ఆరు పేజీల్లో మాత్రం గీత కిందికి జారుతోంది. ఆ ఆరింటి మూలన ఎర్ర పెన్నుతో చిన్న గుర్తు.

"ఈ ఎర్రదేంది?"

"వాళ్ళను ఈ ఏడు పంపడం లేదు సార్."

"యాడికి?"

"పరీక్షకు. ముప్పై అయిదు దాటరని గీత చెబుతోంది కదా. మా ప్రిన్సిపాల్ మేడం నూటికి నూరు శాతం రావాలని పట్టుబట్టారు. అందుకే వాళ్ళ పేర్లు పంపలేదు. ఇంటికి పోయి బాగా చదువుకుని వచ్చే ఏడు రాయమని డిసెంబరులోనే చెప్పి పంపించాం. వాళ్ళకూ మంచిదే సార్, తప్పితే ఆడపిల్లలు దిగులు పడతారు."

చివరి మాట చెబుతున్నప్పుడు మద్దిలేటి గొంతు కొద్దిగా తగ్గింది. అది అతనికే వినపడింది. పీరా సారు పేజీలు వెనక్కి తిప్పాడు. ఎర్ర గుర్తున్న ఒక పేజీ దగ్గర ఆగాడు.

"ఉరుకుందమ్మ," అని చదివాడు. "మొదట అరవై ఒకటి. తర్వాత నలభై నాలుగు. సమీకరణం చెప్పు."

"వై ఈజ్ ఈక్వల్ టు డెబ్బై ఎనిమిది మైనస్ పదిహేడు ఎక్స్." గడగడా చెప్పాడు మద్దిలేటి. ఆయన అడిగితే గడగడా చెప్పడం పదిహేనేళ్ళ నాటి అలవాటు. "మూడు వేస్తే ఇరవై ఏడు. నాలుగు వేస్తే పది."

"అయిదు వెయ్యి."

"అయిదో పరీక్ష లేదు సార్."

"వెయ్యప్పా."

"మైనస్ ఏడు."

"ముప్పై ఆరేళ్ళు పేపర్లు దిద్దినా. మైనస్ ఏడు తెచ్చుకున్న పిల్లను చూళ్ళేదు," అన్నాడు పీరా సారు. "సరే. సున్నా వెయ్యి."

"డెబ్బై ఎనిమిది."

"పరీక్షలు మొదలుకాక ముందు ఆ పిల్లకు డెబ్బై ఎనిమిది. ఆ డెబ్బై ఎనిమిది పిల్లను నువ్వు చూసినావా?"

సారు పరాచికాలాడుతున్నాడేమో అనుకున్నాడు మద్దిలేటి. నవ్వాలా వద్దా అని చూస్తుండగా పీరా సారు లేచి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఎండబెట్టిన కుప్పలోంచి గుప్పెడు చింతగింజలు తీసుకున్నాడు. తిరిగొచ్చి మద్దిలేటి చేతిలో సుద్దముక్క పెట్టాడు.

రెండు గింజలు నాపరాయి మీదికి విసిరాడు. అవి దొర్లి చెరో చోట ఆగాయి.

"గీత గీయి."

మద్దిలేటి వంగి, రెండు గింజల మీదుగా గీత గీశాడు.

పీరా సారు ఆ గింజలు ఏరి మళ్ళీ విసిరాడు. "గీయి."

గీశాడు.

మళ్ళీ విసిరాడు. ఈసారి ఒకటి ఆడవాళ్ళ దాకా దొర్లిపోయింది. వాళ్ళలో ఒకామె కాలు పక్కకు తీసుకుని, నవ్వుతూ చూసింది. మద్దిలేటి అంత దూరమూ వంగి గీసుకుంటూ వెళ్ళాడు.

"గీత తప్పిందా?"

"లేదు సార్."

"ఎన్నిసార్లు విసిరినా?"

"తప్పదు సార్."

"మరి గింజలు నీ లెక్క విని పడినాయా?"

జవాబు కోసం చూడకుండా ఆయన మూడు గింజలు విసిరాడు. ఒకటి గడప దగ్గర, ఒకటి అరుగు కింద, మూడోది ఎక్కడో వాకిట్లో పడ్డాయి.

"ఇప్పుడు గీయి."

మద్దిలేటి సుద్దముక్క పట్టుకుని వంగాడు. గడప దగ్గరి గింజ నుంచి అరుగు కింది గింజ దాకా చూశాడు. వాకిట్లో గింజ వైపు చూశాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చింతపండు కొట్టే చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

కాసేపటికి లేచి నిలబడ్డాడు. సుద్దముక్క అరుగు మీద పెట్టాడు.

"ఒక్క చుక్క కూడా గీత తప్పలేదంటివి," అన్నాడు పీరా సారు. ఆ గొంతులో కోపం లేదు. అదే మద్దిలేటికి మింగుడు పడలేదు. "ఆ ఉరుకుందమ్మ మూడో చుక్క యాడుంది?"

"జనవరి పరీక్ష రాయలేదు సార్. అప్పటికే పంపించేశాం. రాసినవాళ్ళ మార్కులు కూడా చుక్కలు పెట్టి చూడలేదు."

"అయితే పోయి తెచ్చుకో. జనవరి పేపరు ఉంటుంది కదా."

"ఆ పిల్ల ఎక్కడుందో..."

"పోయిన చోట ఉంటుంది," అన్నాడు పీరా సారు. చీపురు తీసుకుని, సుద్దగీతలు ఊడ్చుకుంటూ పోయాడు.

మద్దిలేటి గేటు బయటికి వచ్చి ముందు ప్రిన్సిపాల్ మేడంకు ఫోన్ చేశాడు.

"ఆ ఆరుగురి పేర్లు ఇప్పుడేమైనా పంపగలమా మేడం?"

"ఏ ఆరుగురు?" అంది ఆమె. గుర్తొచ్చాక, "అయ్యో సార్, ఫైన్‌తో కట్టే తేదీ కూడా దాటిపోయి నెలైంది. హాల్‌టికెట్లు వచ్చేస్తున్నాయి. ఇప్పుడెందుకు ఆ మాట? మీరు చెప్పిందే కదా చేశాం," అంది.

మీరు చెప్పిందే కదా. ఆ మాట అతను బస్టాండు దాకా మోసుకుంటూ నడిచాడు.

ఉరుకుందమ్మ ఊళ్ళో అంగడాయనకు ఫోన్ చేస్తే, ఇల్లు తాళమేసి ఉందన్నాడు. సంక్రాంతి పోయాక ఆ వీధి వీధంతా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్ళింది. తండ్రి బెంగళూరులో ఎక్కడో గోడలు కట్టే బేల్దారి పనిలో ఉన్నాడు. తల్లీ, పిల్లలూ మిరపచేలల్లో ఉన్నారు. అంగడాయన కూలీలను తీసుకెళ్ళిన మేస్త్రీ నంబరు ఇచ్చాడు. మేస్త్రీ ఊరి పేరు, చేను గుర్తులు చెప్పి, "ఏం సార్, ఆ పాప ఏమన్నా చేసిందా?" అని అడిగాడు.

"లేదు. నేనే చేశాను," అనబోయి, "ఊరికే," అన్నాడు మద్దిలేటి.

బుధవారం పొద్దున బస్సెక్కితే గుంటూరు చేరేసరికి పొద్దుగూకింది. లాడ్జిలో పడుకుని, గురువారం ఉదయం ఆటోలో చేనికి చేరాడు. సంచిలో జనవరి పేపరు ఉంది. తెల్లకాగితాలు, ఒక గ్రాఫు షీటు, స్కేలు, అట్ట ఉన్నాయి. గ్రాఫు పుస్తకం కూడా ఉంది. అదెందుకు తెచ్చాడో అతనికే తెలియదు.

చేను ఇంకా అర కిలోమీటరు ఉందనగానే ఘాటు తగిలింది. గొంతు పట్టుకుంది. కల్లంలో మిరపకాయలు ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఆరబోసి ఉన్నాయి. చేలో ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా వంగి కోస్తున్నారు. ఎవరు ముసలో, ఎవరు పిల్లో తెలియడం లేదు. పదో తరగతి పిల్లను ఎలా గుర్తుపట్టాలో తెలియక గట్టు మీద నిలబడ్డాడు.

"సార్?"

వరసలోంచి ఒక పిల్ల లేచి, ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. ముందు నవ్వింది. తర్వాత భయపడింది.

"ఏం సార్, ఈడికొచ్చినారు? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదమ్మా. నీకు పరీక్ష పెడదామని వచ్చాను."

ఉరుకుందమ్మ అతని వైపు చూసింది, సంచి వైపు చూసింది. తల్లి వచ్చింది. ఆమె పేరు నాగలక్ష్మి. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "కూసో సారూ," అని బోర్లించిన బుట్ట చూపించింది. విషయం విన్నాక ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ కాదనలేదు.

"రాయనీ. సారు ఇంత దూరం ఒచ్చినాడు. దీని సాలు కూడా నేనే కోస్తాలే."

కల్లం పక్కన నాలుగు గుంజలు పాతి గోనెపట్టాలు కప్పిన నీడ ఉంది. అందులో ఒక చీర ఉయ్యాల, ఉయ్యాలలో మూడు నెలల పసిగుడ్డు. ఉరుకుందమ్మ చేతులు మూడుసార్లు కడుక్కుంది. అయినా మంట పోదని, కళ్ళు నలుపుకోకూడదని తనే చెప్పింది. మిరపకాయల బస్తా మీద అట్ట పెట్టుకుని, ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి తగిలించుకుంది. పేపరు అందుకుని, పైనుంచి కింది దాకా ఒకసారి చదివింది.

"టైమెంత సార్?"

"మూడు గంటలు."

"ఇప్పుడెంతయింది?"

"పదీ పది."

రాయడం మొదలుపెట్టింది.

మద్దిలేటి కొద్ది దూరంలో కూర్చున్నాడు. పరీక్షహాల్లో తిరిగినట్టు తిరగడానికి సిగ్గేసింది. మధ్యలో పసిగుడ్డు ఏడిస్తే ఆ పిల్ల బొటనవేలు కదిపేది, పెన్ను మాత్రం ఆపేది కాదు. ఒకసారి దగ్గు వచ్చి, రెండు నిమిషాలు తెరలు తెరలుగా దగ్గి మళ్ళీ రాసింది. అతని జేబులో ఫోన్ నాలుగుసార్లు మోగింది. కర్నూలు ట్రైనింగు హాలు నుంచి. నాలుగోసారి తర్వాత ఆపేశాడు.

ఒంటిగంట దాటాక కాగితాలు అతని చేతిలో పెట్టింది. "అన్నీ రాయలేకపోయినా సార్. ఆఖరి లెక్క మిగిలిపోయింది."

అతను బుట్ట మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని దిద్దాడు. ఆ పిల్ల పక్కనే నిలబడి ఎర్ర పెన్ను కదలిక చూస్తోంది. వర్గ సమీకరణాలు సరిగ్గా ఉన్నాయి. త్రికోణమితిలో ఒక చోట తడబడింది. గ్రాఫు దగ్గరికి వచ్చేసరికి అతని పెన్ను ఆగింది.

2x + y = 8 అన్న గీత. పట్టికలో మూడు గళ్ళు గీసుకుంది. ఒకటికి ఆరు, రెండుకు నాలుగు, మూడుకు రెండు. రెండో చుక్క ముందు వేరే చోట పెట్టి, చెరిపి, సరైన చోటికి మార్చింది. చెరిపిన చోట ఎర్రటి వేలిముద్ర పడింది.

"మూడు పెట్టావేం? నేను చెప్పింది..."

"మీరు రెండే చాలన్నారంట. నా పక్కన కూచునే రాజేశ్వరి చెప్పింది. నేనా పాఠమప్పుడు లేను కదా సార్. నవంబరులో అమ్మకు కాన్పు. ఇరవై దినాలు ఇంటికాడే ఉన్నా. ఒచ్చిన మూడో దినానికే పరీక్ష." తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. "అందుకే ఆ పాఠం పుస్తకం చూసి నేర్చుకున్యా. పుస్తకంలో మూడుండాయి. మూడోది ఎందుకో తెలీక పెట్టి చూసినా. గీత కలవలేదు."

"కలవకపోతే?"

"రెండోది తప్పు పెట్టినా సార్. మూడోది పెట్టినాక తెలిసింది."

ఆమె మామూలుగానే చెప్పింది. చెప్పి, తరవాతి లెక్కకు మార్కులు వేస్తాడేమోనని పెన్ను వైపు చూసింది. మద్దిలేటికి అక్షరాలు మసకబారాయి. ఘాటు అనుకుంటుందిలే అని కళ్ళు తుడుచుకున్నాడు.

మార్కులు కూడాడు. ఇంకోసారి కూడాడు.

"ఎంత సార్?"

"అరవై ఏడు."

"పాసేనా?"

"పాసే."

ఉరుకుందమ్మ ముఖం విప్పారింది. చేలో వంగి ఉన్న తల్లి వైపు చూసి, మళ్ళీ ఇటు తిరిగింది.

"అయితే హాల్‌టికెట్టు వస్తాదా సార్? పరీక్ష ఇంకా మూడు వారాలుంది కదా."

మద్దిలేటి ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు.

"నీ పేరు పంపలేదమ్మా. తేదీ దాటిపోయింది."

"ఎందుకు పంపలేదు?"

బాగా చదువుకుని వచ్చే ఏడు రాయి అని డిసెంబరులో చెప్పినప్పుడు, ఆ పిల్ల ఎందుకని అడగలేదు. పెట్టె తీసుకుని, తల వంచుకుని వెళ్ళింది. ఇప్పుడు అడిగింది.

అతను సంచిలోంచి గ్రాఫు పుస్తకం తీశాడు. ఆ పేజీ తెరిచి ఇచ్చాడు. ఇంకేం చేయాలో అతనికి తెలియలేదు.

ఉరుకుందమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. పేరు చదివింది. ఒకటి దగ్గర వేలు పెట్టి పైకి జరిపింది. రెండు దగ్గర పెట్టి జరిపింది. తర్వాత గీత వెంబడి వేలు జారుస్తూ నాలుగు దాకా వచ్చింది. చక్కగా చదువుతోంది గ్రాఫు. నలభై రెండు మందిలో అంత చక్కగా చదివేవాళ్ళు పదిమంది ఉండరు.

"ఇది నేనా సార్?"

అతను పుస్తకం మీదికి వంగాడు.

"నాలుగు కాడ పది." వేలు మూడు దగ్గరికి వెనక్కి జరిపింది. "మూడు కాడ చుక్క లేదే."

"లేదు."

"లేకుండానే గీసినారా?"

అతను తలూపాడు.

ఉరుకుందమ్మకు కోపం వస్తుందని చూశాడు. వస్తే బాగుండనుకున్నాడు. ఆ పిల్ల పుస్తకం మూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది, బడిలో ఇచ్చినట్టే.

"మీ గీత తప్పేం కాలేదు సార్. మీరు కిందికి గీసినారు. నేను ఈడికొచ్చినా."

ఆ మాటలో వెటకారం వెతికాడు. లేదు.

"వచ్చే ఏడు రాయమ్మా. నేనే ఫీజు... నేనే వచ్చి పాఠాలు..."

"చూస్తాం సార్," అంది ఆ పిల్ల. పెళ్ళిళ్ళ దగ్గర, పొలాల దగ్గర పెద్దవాళ్ళు కాదని చెప్పలేక అనే మాట అది. రెండు నెలల్లో ఎక్కడ నేర్చుకుందో.

నాగలక్ష్మి పసిగుడ్డుకు పాలివ్వడానికి వచ్చింది. "ఎంతంట?" అని అడిగింది.

"అరవై ఏడు."

"మంచిదేనా?"

"మంచిదే అమ్మా."

"మరి ఎప్పుడు రమ్మంటుండారు?"

ఉరుకుందమ్మ ముఖానికి గుడ్డ కట్టుకుంటూ, మద్దిలేటి వైపు తిరిగింది. "ఆ కాగితాలు నాకిస్తారా సార్?"

ఇచ్చాడు. ఆమె వాటిని నాలుగు మడతలు పెట్టి, గుంజకు వేలాడుతున్న బట్టల సంచిలో అడుగున దాచింది. చేలోకి దిగి, తల్లి వదిలిన చోటు నుంచి సాలు పట్టుకుంది. కాసేపటికి ఆ వంగిన వీపుల్లో ఏది ఆ పిల్లదో అతనికి తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం మద్దిలేటి దర్గా దగ్గరికి వచ్చాడు. పీరా సారు గదిలో గోధుమపిండి తడుపుతున్నాడు. చేతులు కడుక్కుని బయటికి వచ్చాడు.

"దొరికిందా?"

"దొరికింది సార్."

"తెచ్చినావా?"

"కాగితాలు ఆ పిల్లే అడిగి తీసుకుంది. అరవై ఏడు."

పీరా సారు అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు. ఏదో బరువు దించినవాడిలా కాదు, ఎత్తుకున్నవాడిలా కూర్చున్నాడు. మద్దిలేటి నిలబడే అంతా చెప్పాడు. ఉయ్యాల తాడు, వేలిముద్ర, చూస్తాం సార్ అన్న మాట. రెండోది తప్పని మూడోది చెప్పిందన్న చోట ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

"తప్పంతా నాదే సార్."

"నీది నీకుంది. నాది తీసుకోవద్దు."

మద్దిలేటికి అర్థం కాలేదు.

"నువ్వు పదిలో ఉన్నప్పుడు పుస్తకంలో పట్టికకు మూడు గళ్ళుండేవి," అన్నాడు పీరా సారు. "మూడోది కొట్టెయ్యమన్నా. రెండు చాలు, గీత ఎట్లాగూ వస్తుంది, నాలుగు నిమిషాలు మిగులుతాయి అన్నా. యాది ఉందా?"

మద్దిలేటికి గుర్తుంది. ఆ నాలుగు నిమిషాల్లో చివరి లెక్క చేశాడు. ఆ లెక్కతోనే మండలంలో మొదటివాడయ్యాడు. తను పిల్లలకు చెప్పేటప్పుడు కూడా అవే మాటలు, అదే వరసలో చెబుతాడు. మా సారు చెప్పిన చిట్కా అని చెబుతాడు.

"నీ ఒక్కడికే కాదు, ముప్పై ఆరేళ్ళు చెప్పినా. వాళ్ళలో ఎందరు టీచర్లయినారో." ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో పిండి ఇంకా ఉంది. "ఆ నాలుగు నిమిషాలు ఎవరివో అప్పుడు ఆలోచించలా."

దర్గాలో ఎవరో సాంబ్రాణి వేసినట్టున్నారు, వాసన వచ్చింది. మద్దిలేటి చిన్నప్పుడు ఈ మనిషి ముందు తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు, మొదటి ర్యాంకు వచ్చినవాడిలా నిలబడ్డాడు. ఆయన తలవంచుకుని కూర్చుంటే తను ఎలా నిలబడాలో ఎవరూ నేర్పలేదు.

"మిగతా అయిదుగురు యాడున్నారు?" అని పీరా సారే అడిగాడు.

"ఇద్దరు గుంటూరు వైపే సార్, వేరే ఊళ్ళో. ఒకమ్మాయి బళ్ళారిలో బట్టల ఫ్యాక్టరీలో. ఒకమ్మాయి ఇక్కడే, మూడు ఊళ్ళ అవతల, ఇంట్లోనే ఉంది. ఇంకొకరి సంగతి తెలియలేదు."

"వాళ్ళ పేర్లు కూడా పోలేదు కదా."

"పోలేదు సార్. ఇప్పుడు పోయి పరీక్ష పెట్టినా ఏం లాభం? వాళ్ళకు ఇంకా బాధ."

"లాభం లేదు," అన్నాడు పీరా సారు.

లేచాడు. మోకాలు పట్టేస్తే గోడ పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి వెళ్ళి, తడిపిన పిండి మీద తట్ట బోర్లించాడు. గది తలుపు దగ్గరికి లాగి, చెప్పులు వేసుకున్నాడు. డెబ్బై దాటిన ఆయన ఆ వాకిలి దాటి ఊళ్ళోకి పోయి నాలుగేళ్ళయింది.

"సార్, మీరెక్కడికి?"

"ఆ మూడు ఊళ్ళ అవతలికి. బస్సు ఎన్నింటికి?"

"మూడింటికి ఉంది. ఎండ సార్, మీరొద్దు..."

"పుస్తకం ఉందా?"

"ఉంది సార్." మద్దిలేటి సంచి తెరవబోయాడు.

"తియ్యొద్దు. దాన్ని ఈడ పెట్టు," అన్నాడు పీరా సారు. "పేపర్లు తీసుకో. పద."